గొడ్డలి అందే దూరం

ఫిబ్రవరి 18

ఇందుమూలముగా సమస్త ప్రజానీకానికి, అనగా నాకు, తెలియజేయునది ఏమనగా: ఈ రోజు నుంచి ఈ నోటుబుక్కు ఒక యుద్ధచరిత్ర. ఓడినవాడు తన కథ తాను రాసుకోకపోతే గెలిచినవాడు రాస్తాడని మా చరిత్ర మాస్టారు మూడేళ్ళుగా చెబుతున్నారు. ఆయన చెప్పినవాటిలో నాకు గుర్తున్నది ఇదొక్కటే. అమ్మా, ఇది నీ చేతికి దొరికితే దొరికినచోటే పెట్టెయ్యి.

వీరుడి పేరు జోల్దోష్. మా భాషలో తోడు అని అర్థం. మా నాన్న ఆశాజీవి. యుద్ధభూమి మా కరాకోల్ ఊరి బజారు వెనక తొల్కున్ అక్క నడిపే కంప్యూటర్ క్లబ్బు, ఏడో నంబరు కుర్చీ. ఆట పేరు ఉక్కు మైదానం. అందులో నాది గొడ్డలివీరుడు. వాడి గొడ్డలి మూడడుగుల దూరం అందుతుంది. ఆ మూడడుగుల లోపల నేను మృత్యువుని. నాలుగో అడుగులో గడ్డిపోచని.

శత్రువు బెక్తుర్. వాడిది విలుకత్తె. ముప్ఫై అడుగుల నుంచి బాణాలేస్తుంది. చచ్చీచెడీ దగ్గరికి వెళితే ఒక్క గెంతు గెంతి మళ్ళీ దూరమైపోతుంది. ఈ రోజు ఆరు ఆటలు ఆడాం. ఆరుసార్లూ నన్ను ముళ్ళపందిని చేసి వదిలింది. ఐదో ఆటలో బాణం కంట్లోంచి దూరి చెవి పక్క నుంచి బయటికొచ్చింది. బొమ్మలు గీసినవాడెవడో పనిమంతుడు.

ఆరో నంబరు కుర్చీ ఖాళీ. అది నాలుగేళ్ళుగా నుర్దిన్‌ది. నుర్దిన్ ఆస్పత్రిలో ఉన్నాడు. దవడ రెండుచోట్ల విరిగింది, పక్కటెముకలు మూడు. సోమవారం గ్యారేజీల వెనక బెక్తుర్ కొట్టాడు. నేను గేటు దగ్గర ఉన్నాను, నలభై అడుగుల దూరం. సాయం పిలవడానికి పరుగెత్తాను. నలభై అడుగులు, రొట్టె కొట్టుగాక.

ఈ ఒట్టు వింటే అమ్మ తంతుంది. రొట్టె మీద ప్రమాణం చేసి అబద్ధమాడితే ఆ రొట్టే తిరిగి కొడుతుందట. నేను రోజుకి ఇరవైసార్లు వేస్తాను. ఇప్పటిదాకా ఏ రొట్టే నా మీద చెయ్యి చేసుకోలేదు.

నుర్దిన్‌ని కొట్టినవాడితో రోజూ ఎందుకు ఆడుతున్నావని చరిత్ర నన్ను అడగవచ్చు. ఆటలోనైనా చంపుదామని. ఇంకేం కారణం లేదు.

ఫిబ్రవరి 19

సున్నా–ఏడు.

ఫిబ్రవరి 20

"ఏరా పండితుడా, మళ్ళీ వస్తావా?"

"వస్తానన్నా. బాణాలు మిగిలాయా, బజారు నుంచి తెమ్మంటావా?"

"నీకని ఒకటి ఎప్పుడూ దాచి ఉంచుతా."

బెక్తుర్ నాకంటే పదకొండు నెలలు పెద్ద. కాబట్టి అన్న. స్నేహితుడి దవడ విరగ్గొట్టినా అన్నే. మా ఊళ్ళో వరస వరసే, దవడ దవడే.

మళ్ళీ పోయాను. పొదల చాటున పాకాను, రాళ్ళ వెనక దాక్కున్నాను, కనబడగానే ఎగిరి గొడ్డలి విసిరాను. నాకున్నది ఒక్క ఎగురుడు. అది ఎగిరేసరికి విలుకత్తె వెనక్కి గెంతింది. బట్టబయల్లో నిలబడ్డాను. మోకాలు, పొట్ట, గొంతు. వరసగా మూడు బాణాలు, తలుపుకి మేకులు దిగేసినట్టు.

కాలేజీ నుంచి వస్తుంటే పోలీసాయన దారిలో ఆపాడు. కేసు నుర్దిన్ వాళ్ళమ్మ బురుల్ పిన్ని పెట్టింది. నుర్దిన్ నోరు తీగలతో కట్టేసి ఉంది. నుర్దినే ముందు చెయ్యెత్తాడని బెక్తుర్ అంటున్నాడు. అక్కడున్న మూడో మనిషివి నువ్వొక్కడివే, ఏం చూశావు, అన్నాడాయన.

నలభై అడుగుల నుంచి ఏం కనబడుతుంది సార్, అన్నాను.

రాసుకున్నాడు.

ఫిబ్రవరి 22

పోలీసుకి చెప్పనిది నోటుబుక్కుకి చెబుతాను. చరిత్రకి ఆధారాలు కావాలి.

ఆ సోమవారం మధ్యాహ్నం బెక్తుర్ రాజధాని బిష్కెక్ వాడెవడితోనో ఆడి ఓడిపోయాడు. విలుకత్తె వెనక్కి గెంతి, వెనక్కి గెంతి, చివరికి గోడకి ఆనుకుని చచ్చింది. అప్పుడొక గొంతు అంది: "బెక్తుర్ అన్న చిన్నప్పుడు గాడిదని తోకవైపు తిరిగి ఎక్కి నేర్చుకున్నాడురా, వెనక్కి పోవడంలో ఆయన్ని కొట్టేవాడు లేడు." క్లబ్బంతా నవ్వింది. ఆ మాట ఎవరన్నారన్నది చరిత్రకి అప్రస్తుతం.

బెక్తుర్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. మెల్లగా పెట్టాడు, అదే భయం వేసింది.

"ఎవడన్నాడు?"

కంప్యూటర్ల ఫ్యాన్ల చప్పుడు మాత్రం వినబడింది.

"నేనే అన్నా," అన్నాడు నుర్దిన్, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ. "సరదాకి."

"బయటికి పద."

మా దగ్గర బయటికంటే గ్యారేజీల వెనక్కి. ఒకరికి ఒకరు, చేతులే, రక్తం కనబడితే ఆపాలి. ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. నుర్దిన్ నవ్వుతూనే నడిచాడు, గింజల కోసం రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని. సర్దిచెప్పి వచ్చేద్దామనుకున్నాడు. నేనూ వెనకాలే వెళ్ళాను.

చేతులు జేబుల్లో ఉండగానే మొదటి దెబ్బ పడింది. పంటి కింద కలకండ విరిగిన చప్పుడు. రక్తం వచ్చింది. బెక్తుర్ ఆపలేదు. రెండో దెబ్బకి నుర్దిన్ మోకాళ్ళ మీద పడ్డాడు, మూడోదానికి పక్కకి ఒరిగాడు. తరవాత బూటుతో. పక్కటెముకల మీద బూటు పడితే వచ్చే చప్పుడు ఆటలో తప్పుగా పెట్టారు. అసలుది మెత్తగా ఉంటుంది, దిండు దులిపినట్టు. మంచు మీద నల్లగా గింజలు, ఎర్రగా రక్తం. నుర్దిన్ చెంప నేలకానుకుని ఉంది. కళ్ళు మాత్రం ఇటు తిరిగాయి.

ఇరవై అడుగుల దూరం నుంచి ఎవరి కళ్ళు ఎటు తిరిగాయో ఖచ్చితంగా చెప్పలేం. సాయం పిలవడానికి పరుగెత్తాను.

ఫిబ్రవరి 23

దేశరక్షకుల దినం, మగవాళ్ళకి కానుకలిచ్చే పండుగ. అమ్మ నాకు సాక్సులు ఇచ్చింది. రక్షకుణ్ణి కదా.

ఫిబ్రవరి 25

బెక్తుర్ అష్లాన్‌ఫు తినిపించాడు. చల్లటి పులుసు, కారం, సేమ్యాల్లాంటి నూడుల్స్. నేనూ నుర్దినూ శనివారాలు తినే కొట్టే. బెక్తుర్ పక్కన వాళ్ళ సగిన్ మావయ్య కూర్చున్నాడు, తల మీద తెల్ల టోపీ, ముఖం మీద చాలా మర్యాద.

"మార్చి ఆరో తారీకున తెల్లగడ్డాల పెద్దలని తీసుకుని బురుల్ ఇంటికి పోతున్నాం నాయనా," అన్నాడాయన. "గొర్రెని తోలుకుపోతాం, తప్పయిందంటాం, ఆమె కేసు తీసేస్తుంది. కుర్రాళ్ళన్నాక కొట్టుకుంటారు. నువ్వు పెద్దల ముందు ఒక్క మాట చెప్పాలి. ఇద్దరూ కొట్టుకున్నారు, అంతే."

"ఇద్దరూ," అన్నాను.

"నీకు దూరం నుంచి అట్లాగే కనబడి ఉంటుంది."

ఆయన టీ తేవడానికి లేచాక బెక్తుర్ నా వైపు వంగాడు.

"అల్మాటీలో జరిగే పోటీలకి మన క్లబ్బు జట్టులో ఐదో చోటు ఖాళీగా ఉంది. నువ్వు రా."

అది నుర్దిన్ చోటు. ఈ సంగతి వాడికి తెలుసు, నాకు తెలుసు, పులుసుకి కూడా తెలుసు.

"నేను నీ చేతిలో ఇరవైసార్లు ఓడానన్నా."

"నీ ఆట కోసం కాదురా, నీ నోటి కోసం. బస్సులో నవ్వించేవాడొకడు ఉండాలి." నా గిన్నెలో కారం ఇంకో చెంచా వేశాడు. "మంచి నోరు నీది. అట్లాగే ఉండనీ. ఎందుకు పాడుచేసుకోవడం?"

రెండు గిన్నెలు తిన్నాను. బాగుంది. అదే రాయలేకపోతున్నాను, చాలా బాగుంది.

ఫిబ్రవరి 26

తొల్కున్ అక్క పన్నెండేళ్ళు బెల్టు కుస్తీ పట్టింది, అవతలివాళ్ళ నడుం బెల్టు పట్టుకుని పడేసే కుస్తీ. ఆమె చెవులు రెండూ ఎండు ఆప్రికాట్లలా ముడుచుకుపోయి ఉంటాయి. ఈ రోజు నా కుర్చీ వెనక నిలబడి నేను చావడం వరసగా నాలుగుసార్లు చూసింది. చీపురు గోడకి ఆనించింది.

"నీకు దేనికి భయం?"

"బాణానికి అక్కా."

"కాదు. రెండో బాణానికి. మొదటిది తగలగానే ఇంకోటి తగులుతుందేమోనని ఎగిరేస్తావు. నువ్వు ఎగరగానే అది గెంతుతుంది. నీకున్న ఒక్కటీ అయిపోయింది, దాని పని మొదలయ్యింది."

"మరేం చెయ్యాలి?"

"నడువు."

"నడవనా? జల్లెడ అయిపోతాను."

"అవ్వు. ఒకటి తగలనీ, రెండు తగలనీ, ముఖం తిప్పకుండా నడువు. ఎంత తగిలినా వచ్చేవాణ్ణి చూస్తే దానికి భయమేసి ముందు అదే గెంతుతుంది. గెంతాక ఎనిమిది సెకన్లు మళ్ళీ గెంతలేదు కదా? అప్పుడు ఎగురు. పట్టుకున్నాక వదలకు. బెల్టు పట్టు నేను ఒక్కసారే వదిలాను, ఆ రోజే ఈ చెవి పోయింది."

నేను ఏదో చమత్కారం అనబోయాను. ఆమె చీపురు తీసుకుంది.

"మాట కూడా బాణమేరా జోల్దోష్. దూరం నుంచి వేసి నవ్వుకుంటావు. ఆ రోజు గాడిద మాట ఎవరి గొంతో నాకు తెలుసు. నా చెవులు చితికాయి గాని చెవుడు రాలేదు."

ఈ సంభాషణని చరిత్రలో చేర్చకూడదని నిర్ణయించాను. చేర్చేశాక నిర్ణయించాను.

ఫిబ్రవరి 28

ఆస్పత్రికి వెళ్ళాను. మూడో అంతస్తు. రెండో అంతస్తు దాకా ఎక్కాను. అక్కడ కిటికీ దగ్గర నుంచుని పార్కింగులో కార్లు చూశాను. చూడదగ్గ కార్లే. కిందికి దిగి, తెచ్చిన పొట్లం నర్సుకిచ్చాను, నుర్దిన్‌కి ఇవ్వమని.

"ఏంటిది?"

"అష్లాన్‌ఫు. వాడికి ప్రాణం."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. "బాబూ, ఆ అబ్బాయి పళ్ళు తీగతో కట్టేసి ఉన్నాయి. స్ట్రాతో పాలు తాగుతున్నాడు."

నూడుల్స్ నేనే తిన్నాను, బస్టాపులో, నిలబడి.

మార్చి 2

గెలిచాను.

నడిచాను. మొదటి బాణం భుజంలో దిగింది. రెండోది తొడలో. మూడోది పొట్టలో దిగినప్పుడు వేలు దానంతటదే ఎగురుడు మీట మీదికి పోయింది, ఎడమ చేత్తో ఆ వేలు పట్టుకుని వెనక్కి లాగాను. నాలుగోది తగిలింది. ప్రాణం పావు వంతు మిగిలింది. అప్పుడు గెంతింది విలుకత్తె. ఎనిమిది సెకన్లు. ఎగిరాను. మొదటి వేటుకి విల్లు, రెండోదానికి చెయ్యి, మూడోదానికి మెడ. తల దొర్లుకుంటూ వచ్చి నా బూటు దగ్గర ఆగింది. తెర మీదంతా రక్తం. క్లబ్బులో అందరూ బల్లలు చరిచారు.

బెక్తుర్ కూడా చప్పట్లు కొట్టాడు. "జట్టుకి పనికొస్తావురా."

తల నేల మీద పడి ఉంది, చెంప ఆనించి, కళ్ళు ఇటు తిప్పి. ఇంకో ఆట నొక్కేవరకూ అట్లాగే ఉంచుతారు ఈ ఆటలో. కంప్యూటర్ ఆపేసి వచ్చేశాను.

నుర్దిన్‌ని ఇంటికి పంపించారట.

మార్చి 3

పగలు గ్యారేజీల వెనక్కి వెళ్ళి కొలిచి వచ్చాను. మంచు ఇంకా గోధుమరంగులో ఉంది. గింజలు పిచ్చుకలు తినేసినట్టున్నాయి.

పది అడుగులు.

మార్చి 5

బజారులో బురుల్ పిన్ని పిలిచింది. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెలు తోపుడుబండి మీద పేర్చి అమ్ముతోంది. నుర్దిన్ వాళ్ళ నాన్న పోయినప్పటినుంచీ ఆ ఇల్లు నడిచేది ఈ రొట్టెల మీదే. ఒకటి తీసి నా చంకలో పెట్టింది.

"రేపు వస్తావు కదా నాయనా? వాళ్ళు ఏదేదో చెబుతారు. నువ్వు చూసింది చెప్పు, చాలు. నువ్వు చెబితే నాకు కేసుతో కూడా పని లేదు, నిజం నలుగురికీ తెలిస్తే చాలు."

"సరే పిన్నీ."

"ఆ రోజు నువ్వు సాయం కోసం పరుగెత్తకపోతే నా బిడ్డ ఆ మంచులోనే పోయేవాడు. నీ రుణం ఎట్లా తీర్చుకోను?"

రొట్టె ఇంటికి తెచ్చాను. తినలేదు. రొట్టెని బోర్లా పెడితే పాపమంటారు, బల్ల మీద సరిగ్గా పెట్టాను. నన్నే చూస్తోంది.

మార్చి 6

పన్ను లేకుండా రాస్తున్నాను. చేతికి పన్నుతో పని లేదు గాని, ఎందుకో అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

బురుల్ పిన్ని పెరట్లో గొర్రె కట్టేసి ఉంది. లోపల పరుపుల మీద ముగ్గురు తెల్లగడ్డాల పెద్దలు, మధ్యలో ఒమూర్ తాత. ఒకవైపు సగిన్ మావయ్య, తల దించుకుని బెక్తుర్. ఎదురుగా బురుల్ పిన్ని. లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది. నుర్దిన్ అందులో పడుకున్నాడని పిన్ని చెప్పింది, మాటలన్నీ వినబడతాయట.

సగిన్ మావయ్య చాలా బాగా మాట్లాడాడు. పొరుగు, బంధుత్వం, దేవుడు, యవ్వనం, అన్నీ వచ్చాయి. "తప్పు ఇద్దరిదీ ఉంది. మావాడిది ఎక్కువ ఉంది. అందుకే తలవంచుకుని వచ్చాం. ఈ కుర్రాడు చూశాడు, అడగండి."

ఒమూర్ తాత నా వైపు తిరిగాడు. నేను మొదట నా అలవాటు ప్రకారం ఎగిరాను. "తాతా, నేను చరిత్ర విద్యార్థిని, వెయ్యేళ్ళ కిందటి యుద్ధాలైతే బాగా చెబుతాను, మొన్నటివే కష్టం." ఎవరూ నవ్వలేదు. గొర్రె ఒకసారి అరిచింది.

ఆయన బల్లమీది రొట్టె తీసి నా రెండు చేతుల్లో పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది.

"ఇప్పుడు చెప్పు. ఇద్దరూ కొట్టుకున్నారా?"

"లేదు తాతా. నుర్దిన్ చేతులు జేబుల్లో ఉన్నాయి. చివరిదాకా ఉన్నాయి."

బెక్తుర్ తలెత్తాడు. సగిన్ మావయ్య మాత్రం చిరునవ్వుతోనే ఉన్నాడు.

"నాయనా, నువ్వు పోలీసుకి నలభై అడుగులని చెప్పావు. నలభై అడుగుల నుంచి జేబులో చెయ్యి కనబడుతుందా?"

విలుకత్తెలాగే ఆయనా వెనక్కి గెంతాడు. మొదటిసారి అర్థమయ్యింది, నాకు దాక్కోవడానికి ఇక రాయి లేదు, పొద లేదు. నడవాలి.

"నలభై కాదు," అన్నాను. "ఐదు."

"ఐదడుగుల్లో ఉండి ఏం చేశావు?" అన్నాడు ఒమూర్ తాత.

"పరుగెత్తాను."

"సాయానికి," అన్నాడాయన.

పిన్ని నన్నే చూస్తోంది. రొట్టె అరచేతులు కాలుస్తోంది, లేక నాకు అట్లా అనిపించింది.

"ఇంటికి తాతా. ఇంటికెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నాను. అంబులెన్సుని పిలిచింది ఎవరో వ్యాను డ్రైవరట. ఇంకోటి. ఆ గాడిద మాట అన్నది నుర్దిన్ కాదు. నేను. వాడు నా బదులు లేచాడు."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. బురుల్ పిన్ని లేచి వచ్చి నా చేతుల్లోంచి రొట్టె తీసుకుంది, బోర్లా పడకుండా చూసి గుడ్డ మీద పెట్టింది.

"మీ గొర్రెని తీసుకుపొండి," అంది సగిన్ మావయ్యతో. తరవాత నా వైపు చూడకుండా, "నువ్వూ వెళ్ళు" అంది.

పెరట్లో బూట్లు వేసుకుంటుండగా బెక్తుర్ వచ్చాడు. నేను లేచి నిలబడేదాకా ఆగాడు, ఆ మర్యాద మాత్రం వాడికుంది. మొదటిది నోటి మీద. పన్ను గొంతులోకి పోయి దగ్గితే బయటపడింది. రెండోది కంటి మీద. కాళ్ళు గేటు వైపు తిరిగాయి, నిజంగా తిరిగాయి, అబద్ధమెందుకు. మూడోది తగిలేటప్పటికి వాటిని ఇటు తిప్పుకున్నాను. నడిచాను. నాలుగోది చెవి మీద పడింది. వాడి కళ్ళల్లో ఒక్క క్షణం కనబడింది, వీడెందుకు వస్తున్నాడని. అర అడుగు వెనక్కి వేశాడు.

బెల్టు పట్టుకున్నాను. రెండు చేతులతో. తల వాడి ఛాతీకి ఆనించాను. అంత దగ్గరలో వాడికి చెయ్యి తిప్పడానికి చోటు లేదు. వీపు మీద గుద్దాడు, మెడ మీద గుద్దాడు, మోకాలితో పొట్టలో పొడిచాడు. ఇద్దరం గొర్రె మీద పడ్డాం. గొర్రె మా ఇద్దరినీ తొక్కింది. వదల్లేదు. నేను వాణ్ణి ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు, ఎట్లా కొట్టాలో తెలియదు. పట్టుకుని ఉన్నాను, అంతే. "వదలరా, వదలరా పిచ్చోడా" అని వాడి గొంతు చివరికి ఏడుపులా అయిపోయింది. సగిన్ మావయ్యా, ఇద్దరు తెల్లగడ్డాలూ కలిసి నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశారు.

పన్ను మంచులో వెతికాను. దొరకలేదు.

మార్చి 7

జట్టు నా పేరు కొట్టేసింది. తొల్కున్ అక్క మంచు ముక్కలు గుడ్డలో చుట్టి ఇచ్చింది. "పట్టు ఎట్లా ఉంది?" అని మాత్రం అడిగింది.

మార్చి 8

ఆడవాళ్ళ పండుగ. పసుపు పూల కొమ్మ తీసుకుని బురుల్ పిన్ని ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది. నా ముఖం చూసింది. పూలు తీసుకోలేదు, తలుపు మూయనూ లేదు. పక్కకి జరిగింది.

నుర్దిన్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సగానికి సగం అయిపోయాడు. పెదాల మధ్య తీగలు మెరుస్తున్నాయి. నేను గుమ్మంలో నిలబడి, దారంతా తయారు చేసుకున్న మాటలు మొదలుపెట్టాను. వాడు చెయ్యెత్తి ఆపాడు. ఫోన్ తీసి మెల్లగా రాసి తెర నా వైపు తిప్పాడు. అక్కడి నుంచి కనబడలేదు. దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

'ఐదు కాదు. మూడు.'

వాడు మళ్ళీ రాశాడు.

'నేల మీద నుంచి నీ బూట్లే కనబడ్డాయి. ఎడమదాని లేసు ఊడిపోయి ఉంది.'

నేను ఐదని ఎందుకన్నానో నాకు తెలియదు. రొట్టె చేతిలో పెట్టుకుని, అంతా చెప్పేశాననుకుంటూ, రెండడుగులు దాచుకున్నాను. దాచుకున్నానని కూడా తెలియకుండా. నాలుక దానంతటదే పన్ను పోయిన చోటికి వెళ్ళింది.

నుర్దిన్ అది చూశాడు. తీగల వెనక నుంచి ఏదో చప్పుడు వచ్చింది. పక్కటెముకలు పట్టుకున్నాడు. నవ్వుతున్నాడని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. ఇంకో మాట రాశాడు.

'రొట్టె కొట్టిందా?'

"కొట్టింది," అన్నాను.

పిన్ని రెండు గిన్నెల్లో పాల టీ తెచ్చింది. రొట్టె తుంచి వాడి గిన్నెలో వేసి, నానేదాకా చెంచాతో నొక్కుతూ కూర్చుంది. కాసేపటికి నా గిన్నెలోనూ ఒక ముక్క వేసింది, నా వైపు చూడకుండానే. మేమిద్దరం నమలకుండా మింగాం.

ఇంటికొచ్చి ఈ నోటుబుక్కు మొదటి నుంచీ తిప్పాను. నలభై కొట్టేశాను. ఇరవై కొట్టేశాను. పది, ఐదు కొట్టేశాను. అన్నిచోట్లా మూడు అని రాశాను. ఫిబ్రవరి 22న కాస్త ఖాళీ ఉంటే, ఎడమ బూటు లేసు సంగతి కూడా చేర్చాను.